అయిపోయింది మామా

మొన్న సాయంత్రం బాల్కనీలో తులసి కుండీ దగ్గర దీపం పెడుతుంటే మౌలాలి వైపు నుంచి సైరన్ మోగింది. యుద్ధం వస్తే జనం ఏం చేయాలో నేర్పించే డ్రిల్లు అది, పొద్దుటి నుంచి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే ముచ్చట. పిల్లలు బాల్కనీల్లోకొచ్చి చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లు ఫోన్లెత్తి వీడియోలు తీశారు. కింద సెల్లార్లో ఎవరో నోటితో తుపాకీ చప్పుడు చేస్తే ఒకటే నవ్వులు. దీపానికి చెయ్యి అడ్డం పెట్టానే గానీ, నా కోపం ఆగలేదు. దేవుడి ముందు కోపం తగదని అమ్మ చిన్నప్పుడే నేర్పింది, నేను నేర్చుకోలేకపోయిన పాఠం అదొక్కటే. కాసేపటికి అసోసియేషన్ సెక్రటరీ మెసేజ్ వచ్చింది. "మేడమ్, మీ మామయ్య ఫౌజీ అంట కదా, యూనిఫాంలో ఫొటో ఉంటే పెట్టండి, అందరం సెల్యూట్ చేద్దాం."

మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, యుద్ధం నుంచి తిరిగొచ్చి నాచారంలో మా ఇంట్లోనే ఉన్నాడు. రేకుల ఇల్లు, వెనక ఫ్యాక్టరీ గోడ, ఎప్పుడూ మందుల వాసన. ఆ వాసనకో, నా ఒంటి తత్వానికో నాకు ఆయాసం వచ్చేది. బడికి పంపకుండా అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలూ ఎక్కాలూ శ్లోకాలూ నేర్పింది. ఆ ఆయాసం ఇచ్చినందుకు కూడా భగవంతుడికి దండం పెట్టుకుంటాను, ఎందుకంటే రోజంతా మామతో ఉండే భాగ్యం దాని వల్లనే దొరికింది. షిఫ్టు మారినప్పుడల్లా ఫ్యాక్టరీ సైరన్ కూసేది. కూత మొదలవగానే మామ చేతిలో ఏముంటే అది వదిలేసి నులకమంచం కింద బోర్లా పడుకునేవాడు. నేనూ వెనకే దూరేదాన్ని. అక్కడ బియ్యం బస్తా, ఉల్లిగడ్డల గంప, మా పిల్లి. ఆ పిల్లి మా ఇద్దరికంటే ముందే వెళ్లి మంచి జాగా పట్టేది. "చెవులు మూస్కో బిడ్డా, నోరు తెరిసి పెట్టు, లేకుంటే చెవులు పగుల్తయి" అనేవాడు మామ. నేను నోరు ఇంత తెరిచి ఆయన వంక చూస్తే, ఆయన కళ్లు నన్ను కాక ఇంకెక్కడో చూస్తుండేవి. నాకది సైరన్ ఆట. కూత ఆగినా మామ లేచేవాడు కాదు. బయటికి తొంగి చూసి రావడం నా వంతు. చూసొచ్చి "అయిపోయింది మామా" అంటేనే పాక్కుంటూ వచ్చి, మోకాళ్లు దులుపుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ ఉల్లిగడ్డల పొట్టు తీస్తూ కూర్చునేవాడు.

ఆ ఏడు కాలనీలో పంద్రాగస్టుకు జెండా మామ చేత ఎగరేయించాలని ప్రెసిడెంటు అడిగాడు. నెలల తరబడి గుమ్మం దాటని మనిషి సరే అన్నాడు. ఉప్పల్ వెళ్లి కొత్త ప్యాంటు కుట్టించుకున్నాడు. తమ్ముడు మళ్లీ నలుగురిలో పడతాడని అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. ముందురోజే నన్ను వెంటబెట్టుకుని ప్రెసిడెంటు ఇంటికి వెళ్లి, "అన్నా, ఒక్కటే మాట. పటాకలు మాత్రం వద్దు, మావోనికి ఆ సప్పుడు పడదు" అని బతిమాలుకుంది. "ఫౌజీకి పటాకల బుగులా? ఏం మాట చెల్లె అది. సరే తియ్, నువ్వంటివి గద" అన్నాడాయన, చాయ్ కూడా తాగించి పంపాడు.

మర్నాడు జెండా విచ్చుకుంది, పూలు రాలాయి. మామ చెయ్యెత్తి సెల్యూట్ చేస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి పటాకల సరం అంటించారు. మామ ఉన్నపళంగా బురదలో బోర్లా పడి చెవులు మూసుకున్నాడు. నేను లడ్డూల వరుసలోంచి పరుగెత్తి పక్కన పడుకున్నాను, చెవులు మూసుకుని, నోరు తెరిచి. మా ఆట అందరికీ చూపిస్తున్నామనుకున్నాను. చప్పుడు ఆగింది, నవ్వులు ఆగలేదు. "జెండా లేసింది, ఫౌజీ పండిండు" అన్నాడు ప్రెసిడెంటు, మైకులో. అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది. గొంతు పెంచలేదు. "నవ్వుడు అయిందా అన్నా? అయినంక చెప్పు, నా తమ్ముణ్ణి లేపుకుంట." ప్రెసిడెంటు మైకు కిందికి దించాడు. నేను మామ చెవి దగ్గర "అయిపోయింది" అన్నాను. మొదటిసారి ఆయన నా మాట నమ్మలేదు. జనంలోంచి మా నాన్న వచ్చి, మామను దాదాపు ఎత్తుకున్నట్టే పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ ప్యాంటు అమ్మ ఉతికి మడతపెట్టింది, మామ మళ్లీ తొడగలేదు, గుమ్మమూ దాటలేదు.

కొన్నేళ్లకు అదే నులకమంచం మీద పోయాడు. మా దగ్గర శవం వెంట డప్పులూ పటాకలూ ఉంటాయి, అది మర్యాద. ప్రెసిడెంటు మూడు రంగుల దండ, సంచీ నిండా పటాకలు పట్టుకొచ్చి, "ఫౌజీని సప్పుడు లేకుంట సాగనంపుతమా చెల్లె?" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, మర్చిపోయాడంతే. దానికే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ గోళెంలోంచి బకెట్ నీళ్లు ముంచి తెచ్చి సంచీలో కుమ్మరించింది. అలాంటి తల్లిని ఇచ్చినందుకు రోజూ రెండు చేతులూ జోడిస్తాను. పాడె లేపుతుండగా షిఫ్టు సైరన్ కూసింది. ఆగేదాకా మోసేవాళ్లను ఆపి, నేను వంగి మామ చెవిలో చెప్పాల్సింది చెప్పాను.

సెక్రటరీకి ఫొటో పంపలేదు. యూనిఫాంలో ఉన్న మామ వాళ్లకు కావాలి, మంచం కింద ఉన్న మామ నా దగ్గరే ఉంటాడు. ఆ యుద్ధం ఎన్నడో ముగిసిందని పుస్తకాల్లో ఉంటుంది, మా ఇంట్లో మాత్రం అది షిఫ్టు షిఫ్టుకూ మొదలయ్యేది, ముగిసిందని చెప్పే పని ఒక చిన్నపిల్ల మీద పడింది. మొన్న సైరన్ ఆగాక కూడా అలవాటుగా ఆ మాట నోటిదాకా వచ్చింది. కింద పిల్లలు ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు, అనలేకపోయాను.