రెండు వందల పదమూడో పేజీ

విడి కాగితాలను పుస్తకంగా కుట్టడమే ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన పని. మునిసిపల్ ఆఫీసు తీర్మానాలు, స్కూళ్ళ లైబ్రరీ పుస్తకాలు, వకీళ్ళ లావుపాటి గ్రంథాలు, ఎవరి నాయనమ్మో చదివి చదివి నలిపేసిన ప్రార్థన పుస్తకాలు, అన్నీ ఆయన సూది కిందికే వచ్చేవి. అందరూ ఆయన్ని అట్టలాయన అనేవారు. పొద్దున్నే సూదిలోకి దారం ఎక్కిస్తూ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. కుట్టే కాగితాల్లో ఏముందో చదివేవాడు కాదు. అది పరాయివాళ్ళ ఉత్తరం విప్పి చదివినట్టని ఆయన భావన.

అలాంటి మనిషిని ఊరంతా పేజీల దొంగ అంది.

దానికి మూలం ఆయన భార్య మునిసిపల్ చైర్‌పర్సన్ పదవికి నిలబడటం. ఆవిడ పదేళ్ళుగా కౌన్సిలరు. తొమ్మిదేళ్ళ కిందట బజారు రోడ్డు వెడల్పు కోసం నలభై షాపులు కూల్చారు. ఆ తీర్మానానికి ఆవిడ చేయెత్తిందా లేదా అన్నది ఎన్నికల్లో పెద్ద తగువైంది. ఒక విలేకరి రికార్డు గదికి వెళ్ళి ఆ ఏటి తీర్మానాల పుస్తకం తెరిచాడు. ఎడమ పేజీ మీద 212 అంకె, కుడి పేజీ మీద 214. మధ్యలో 213 లేదు. ఫోటో తీసుకుని వచ్చేశాడు. ఆ పుస్తకం కుట్టిందెవరు? అభ్యర్థి మొగుడే. ఇంకేం కావాలి! మర్నాడు పేపర్లో ఫోటో కింద పెద్దక్షరాలు: పేజీ మాయం, పని మొగుడిది.

అట్టలాయన ఆ ఫోటో చూసి ముందు నవ్వాడు. తర్వాత ఒళ్ళు మండింది. జిగురు చేతులు తుడుచుకుని మునిసిపల్ ఆఫీసుకి బయల్దేరబోతుంటే పార్టీ కార్యదర్శి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పార్టీవాళ్ళంతా ఆవిణ్ణి అక్కా అంటారు కాబట్టి ఈయన వాళ్ళకు బావగారు.

"ఎక్కడికి బావగారూ?"

"ఆ పేజీ ఎక్కడికీ పోలేదని చూపించడానికి."

"మీకు దండం పెడతాను, ఆగండి. పేజీ లేదంటే రుజువు లేదు. అక్క చేయెత్తిందని రుజువైతే బజారు ఓట్లన్నీ గల్లంతు. ఓట్లయ్యేదాకా నోరు కట్టేసుకోండి. అరిచేవాళ్ళు అరిచి ఊరుకుంటారు."

"వాళ్ళు నన్ను దొంగ అంటున్నారయ్యా!"

"అననీండి బావగారూ. మీకేం, ఓట్లలో నిలబడ్డారా?"

ఆ మాట ముల్లులా దిగింది. అయినా భార్య కోసం మింగాడు. ఆవిడ పదేళ్ళు కాళ్ళరిగేలా వీధులు తిరిగింది. కొళాయి రాకపోతే బిందె పట్టుకుని తానే నిలబడింది. ఆ కష్టానికి తాను అడ్డు కాకూడదనుకున్నాడు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. టీ కొట్టు దగ్గర కనబడితే "మాస్టారూ, ఈ పేపర్లో రెండో పేజీ ఉందా, మీరు పట్టుకెళ్ళారా?" అని ఇకిలించేవారు. రోజూ ఎవరో చింపిన కాగితాలు షాపు గుమ్మంలో పోసి పోయేవారు. ఆయన వచ్చేసరికి వాటిలో ఒక్క ముక్కా మిగిలేది కాదు. వీధులూడ్చే ఆవిడ వేకువనే వచ్చి, తన వంతు కాని ఆ గుమ్మాన్ని ముందు ఊడ్చేసేది. ఒకనాడు పెందలాడే వచ్చి చూస్తే గానీ ఆయనకా సంగతి తెలియలేదు. "గాలికి కొట్టుకొచ్చాయి బాబూ" అందావిడ తలెత్తకుండా. ఆ ఒక్క అబద్ధానికి ఆయన కళ్ళు చెమర్చాయి. దేవుడు ఊళ్ళోంచి పూర్తిగా వెళ్ళిపోలేదనుకున్నాడు.

పన్నెండో రోజు స్కూలు హెడ్‌మాస్టరమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ లైబ్రరీ పుస్తకాలు ఆయనే కుడుతున్నాడు. సగం కుట్టిన వాటిని సంచీలో వేసుకుంటూ, "పిల్లల పుస్తకాలండీ, మరి..." అని నసిగింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య ప్రచారం నుంచి వచ్చి పాదాలు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు చేయెత్తావా లేదా?"

"ఎత్తాను. మీకు తెలుసుగా."

"నాకు తెలుసు. ఊరికి చెప్పవేం?"

ఆవిడ పాదాలు నీళ్ళలోంచి తీసింది. "చెప్పొద్దన్నారు. నేనూ సరే అన్నాను. తప్పే." తర్వాత గొంతు పెంచింది. "మిమ్మల్ని దొంగని చేసి తెచ్చుకున్న కుర్చీలో నేను కూచోలేనండీ. రేపే తెరవండి. నేనూ వస్తా."

రికార్డు గది నిండిపోయింది. విలేకర్లు, రెండు పార్టీల జనం, కిటికీలకు వేలాడే తలకాయలు. ముసలి గుమాస్తా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, అట్టలాయనకు తన కుర్చీ జరిపాడు. ఆయన కూర్చోలేదు.

"బాబూ," అన్నాడు ఫోటో తీసిన విలేకరితో, "ఒక కాగితం చింపితే ఎన్ని పేజీలు పోతాయి?"

"ఒకటి."

"కాగితానికి వీపు లేదా?"

కిటికీ దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు. విలేకరి మొహం మాడిపోయింది.

"ముందూ వెనకా రెండంకెలు. నేను చింపి ఉంటే 213, 214 రెండూ పోవాలి. 214 ఇదిగో, మీ ఫోటోలోనే ఉంది! నంబరు ముద్ర మిషను ఒక్కో దెబ్బకి ఒక్కో అంకె ముందుకెళ్తుంది. ఇంకు పడుతోందో లేదో అని ఎవరో చిత్తు కాగితం మీద ఓ దెబ్బ వేశారు. 213 అక్కడ పడింది. పన్నెండు రోజులు! ఇంత ఊళ్ళో ఒక్కరికి ఒక్క కాగితం తిప్పి చూసే ఓపిక లేకపోయిందా?"

ఆయనే తిప్పాడు. 215. తీర్మానం అక్కడుంది. అనుకూలంగా చేయెత్తిన వాళ్ళలో ఆయన భార్య పేరు మూడోది. కింద కూల్చే షాపుల జాబితా. విలేకరి వేలు పదకొండో వరస దగ్గర ఆగిపోయింది.

"ఇది... మీ షాపేగా?"

"నాదే."

"మీ షాపు కూల్చడానికే చేయెత్తిందా? మీకు తెలుసా?"

"ఆ పూటే అన్నం వడ్డిస్తూ చెప్పింది. మూడ్రోజులు మాట్లాడలేదు నేను. నాలుగో రోజు సామాను సర్దుకున్నాను."

వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. "ఎత్తాను. అంబులెన్సు తిరగని రోడ్డది. ఇవాళైనా ఎత్తుతాను."

కార్యదర్శి తల పట్టుకున్నాడు.

మర్నాడు పేపర్లో పెద్దక్షరాలు: రుజువు దొరికింది, కూల్చింది ఆమే. అట్టలాయన దొంగ కాడన్న మాట ఎక్కడా లేదు. వీధులూడ్చే ఆవిడ ఆ పేపరు తెచ్చి, "నాలుగు సార్లు చదివించుకున్నాను బాబూ, మీ సంగతి రాయలేదేం?" అని ఆయన కంటే ఎక్కువ మండిపడింది.

బజారు ఓట్లు పడలేదు. భార్య ఓడిపోయింది. ఆ సాయంత్రం షాపుకొచ్చి, దారం కండె పట్టుకుని ఆయన పక్కన కూర్చుంది.

వారం తర్వాత హెడ్‌మాస్టరమ్మ అదే సంచీతో గుమ్మంలోకి వచ్చింది. "పిల్లలు అడుగుతున్నారండీ" అంటూ పుస్తకాలు బల్ల మీద పెట్టింది. ఆయన ఆవిడకు స్టూలు వేశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. పుస్తకాలు మాత్రం ముట్టుకోలేదు.

"పేజీలు లెక్కపెట్టి ఇవ్వండమ్మా."

"అయ్యో, మీ మీద నమ్మకం లేకనా?"

"పైకే లెక్కపెట్టండి. రోడ్డు మీదికి వినబడాలి."

ఆవిడ తల దించుకుని మొదటి పుస్తకం తెరిచింది. ఒకటి, రెండు, మూడు... ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తూ, కళ్ళు మూసుకుని వింటూ నిలబడ్డాడు.