జడుపు తాయెత్తుతో ఆళ్లగడ్డకు

ఆ శుక్రవారం నంద్యాల బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిన్నాను గానీ రుచి తెలియలేదు. చేతిసంచిలో ముందురోజు దర్గాలో తీసుకున్న తాయెత్తు ఉంది. అంతకు రెండ్రోజుల ముందు ఆళ్లగడ్డలో ఉండే మా అక్క కూతురు శైలజ ఫోన్ చేసి, "చిన్నమ్మా, హారిక జడుసుకుంటాంది. రోజూ దీపాలు పెట్టే యాళకు మూలకు పోయి ముడుచుకుంటాంది. ఏదో గాలి సోకింది" అంది. హారిక ఆమె కూతురు, ఆరేళ్ల పిల్ల. అక్క పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కును నేనే. దయ్యాలు లేవని పదిమందిలో వాదిస్తాను, భయం మాత్రం అందరికంటే నాకే ఎక్కువ.

తొమ్మిదిన్నరకు పల్లెవెలుగు బస్సు కదిలింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. ఈ దారిన పోయేవాళ్లు ఎడమవైపు కిటికీ పట్టుకోండి, నల్లమల కొండలు వెంటే వస్తాయి. ఆ రోజు మబ్బు పట్టి కొండలు నల్లగా ఉన్నాయి. నాకు అటు చూడబుద్ధి కాలేదు.

పక్క సీట్లో ఒడిలో మిరపనారు కట్ట పెట్టుకుని ఒకామె కూర్చుంది. "యాడికి పోతాండావక్కా?" అంటే సంగతంతా చెప్పేశాను.

"రోజూ అదే యాళకా?"

"రోజూ."

"దయ్యానికేమన్నా గడియారం ఉంటాదా అక్కా? ఆ యాళకు ఇంట్లో ఎవరుంటారో చూడు."

అంత మాట అనేసి ఆమె శిరివెళ్లలో దిగిపోయింది. శైలజ మొగుడు లారీ డ్రైవరు, నెలకోసారి వస్తాడు. మరి ఆ వేళకు వచ్చేదెవరు? పాలవాడా? ఇంటి ఓనరా? కనిపించిన ప్రతి మగవాణ్నీ అనుమానిస్తూ ఆళ్లగడ్డ చేరాను. పాపం, కండక్టరును కూడా వదల్లేదు.

బస్టాండు నుంచి ఆటోకు ఇరవై రూపాయలు. రాతి శిల్పాలు చెక్కే షెడ్లు దాటితే వాళ్ల వీధి. శైలజ చంకలో పది నెలల కొడుకు ఏడుస్తున్నాడు. ఆమె కళ్ల కింద నలుపు. కుట్టుమిషను మీద జాకెట్ల కుప్ప. హారిక "అవ్వా" అంటూ వచ్చి నా చీర కుచ్చెళ్లలో దూరింది.

జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాక మెల్లగా అడిగాను, సాయంత్రం ఇంటికి ఎవరొస్తారని.

"ఎవరొస్తారు చిన్నమ్మా? మేం ముగ్గురమే."

అమ్మయ్య అనుకున్నాను. తాయెత్తు కన్నతల్లి చేత్తోనే కట్టాలని దర్గాలో చెప్పారు కాబట్టి పిల్లాణ్ని నేను ఎత్తుకున్నాను. శైలజ దారం పట్టుకుని హారిక మెడ వైపు చెయ్యెత్తింది.

పిల్ల రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. "కొట్టద్దమ్మా, తింటా."

దారంతా నేను మగవాళ్లలో వెతికిన మనిషి నా చేతుల్లో పెరిగిన శైలజే. నాలుగు చీవాట్లు పెడదామని నోరు తెరిచేలోపు శైలజ నేల మీద కూలబడింది.

"సాయంత్రమైతే వీడు ఏడుపు ఆపడు, అది తినదు, జాకెట్లేమో ఇచ్చెయ్యాల. చెయ్యి లేస్తాంది చిన్నమ్మా. మొన్న గరిటె ఎత్తినా. నా చేతులంటే నాకే భయమేస్తాంది. ఫోన్లో ఈ మాట ఎట్ల చెప్పేది? అందుకే గాలి సోకిందంటి."

పక్కింటి హుసేనమ్మను వాకిట్లోకి పిలిచి నిలదీశాను. "పిల్ల ఏడుపు నీకు వినపడలేదా?"

"వినపడక యాడికి పోతాది? మధ్యలో ఉండేది ఒక్క గోడే. ఇంటిగుట్టు మనకెందుకులే అని టీవీ సౌండు పెంచేదాన్ని."

"ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఈ గుట్టు దాస్తే పిల్లకే చేటు" అన్నాను కోపంగా. ఆమె లోపలికి వచ్చి నా చేతుల్లోంచి పిల్లాణ్ని అందుకుంది. "సాయంత్రాలు వీడు నా కాడ ఉంటాడు శైలూ. చెయ్యి లేస్తాంది అనిపిస్తే పిల్లను ముట్టద్దు. గడప దాటి బయటికొచ్చి నన్ను పిలు."

మా మాటలు విని ఎదురింటి అంగన్‌వాడీ టీచరూ వచ్చింది. ఆమెకు మొహమాటం లేదు. "సోమవారం శైలజను ఆసుపత్రికి నేనే తోలకపోయి డాక్టరుతో మాట్లాడిస్తా. మళ్లీ దెబ్బ కనపడితే మాత్రం పైవాళ్లకు చెప్తా. తప్పదు."

హారికను నాతో పంపమన్నాను. పిల్లే రానంది, తమ్ముడు ఏడుస్తాడట. మా ఆయనకు మందులు సర్ది, నా బట్టలు తెచ్చుకుని, మర్నాడు పొద్దున్నే వచ్చి కొన్నాళ్లు ఉంటానని చెప్పాను. బయల్దేరేటప్పుడు చూస్తే తాయెత్తు శైలజ కుడిచేతికి ఉంది.

ఐదున్నర బస్సు ఎక్కాను. ఆ ఒక్క సాయంత్రం ఎలా గడుస్తుందోనని ప్రాణం గిలగిలలాడింది. శిరివెళ్ల దగ్గరకు వచ్చేసరికి ఇళ్లల్లో దీపాలు వెలిగాయి. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను.

"చిన్నమ్మా" అంది శైలజ, రొప్పుతూ.

"యాడున్నావే?"

"గడప బయట కూచున్నా. చెయ్యి లేసేటట్లుంటే పిల్లను ముట్టకుండా వచ్చేసినా. హుసేనక్క లోపల పిల్లోళ్ల కాడ ఉంది."

భయం పోయిందని చెప్పను. రేపటి సాయంత్రం ఉంది, ఆ తర్వాతి సాయంత్రాలూ ఉన్నాయి. కానీ ఫోన్లో పిల్లాడి ఏడుపు వినిపించింది, అన్నం తినమని హారికను బతిమాలుతున్న హుసేనమ్మ గొంతు వినిపించింది. పక్కింటి టీవీ మాత్రం వినిపించలేదు.