గూడ్సు బండికి కొత్త కొక్కేలు

పోయిన నెల ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, బల్ల మీద పరిచిన పట్టాలపై నా బొమ్మ గూడ్సు బండిని వెనక్కి నడుపుతుంటే నడిమి పెట్టె ఒకటి ఒరిగి పడిపోయింది. తిప్పి చూద్దును కదా, చక్రాలు అరిగిపోయాయి, పక్క పెట్టెను పట్టుకునే కొక్కెం స్ప్రింగు ఊడిపోయింది. ఈ సామాను అమ్మే ఆయనకు ఫోన్ చేస్తే, చక్రాల సెట్టుతో పాటు కొక్కేలు కూడా మార్చడం మేలని చెప్పి, "ఆటోమేటిక్‌వి పంపమంటారా, చేత్తో తగిలించుకునే పాతరకమా అండీ?" అని అడిగారు. రేపు చెబుతానని పెట్టేశాను గాని, ఆ మాట రోజంతా నన్ను వదల్లేదు.

ఉద్యోగం చేసే రోజుల్లో, బెజవాడ రైల్వే గూడ్సు ఆఫీసులో పగలంతా అసలు వ్యాగన్లతో వేగి, సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ బొమ్మ వ్యాగన్లు ముందేసుకు కూర్చునేవాణ్ణి. చూసినవాళ్ళు నవ్వరూ మరి! అప్పటి పెట్టెలకు సన్నటి తీగ కొక్కేలుండేవి. నా మొద్దు వేళ్ళకు అవి లొంగేవి కావు. "ఇదిగో, ఒకసారి ఇలా రా" అని కేకేస్తే, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసి వచ్చిన మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్కొక్కటే తగిలించేది. తగిలిస్తూ, ఆ రోజు వార్డులో ఎవరు కోలుకున్నారో, ఎవరు దక్కలేదో, మైలవరంలో వాళ్ళన్నయ్య తోట ఎలా పూసిందో, ఇంట్లో మరెక్కడా ఎత్తని సంగతులన్నీ ఆ బల్ల దగ్గరే చెప్పేది. ఒక పెట్టెలో నూకలు పోసి తెనాలికనీ, మరోదాంట్లో మినుములు పోసి గుడివాడకనీ సాగనంపేది కూడా.

అలసి వచ్చిన మనిషిని ఇంకా కష్టపెడుతున్నానే అనిపించి, ఇనుప చక్రాలూ, ఒకదానికొకటి ఆనిస్తే చాలు వాటంతటవే పట్టుకునే కొత్త కొక్కేలూ తెప్పించాను. అవి ఏ ఎత్తున ఉండాలి, చక్రాల సెట్టుకు బిగించాలా, పెట్టె అడుగుకా అని వారాల తరబడి తర్జనభర్జన పడి, అడుగుకే బిగించి, "ఇక నీకీ బాధ తప్పింది" అని గొప్పగా చూపించాను. మంచిదండీ అని వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. అలిగేం కాదు, నేను పిలవలేదు, అంతే. మా తరం మగవాళ్ళకు మంచినీళ్ళకో కళ్ళజోడుకో తప్ప భార్యను పిలవడం ఎక్కడ తెలుసు? ఊరికే వచ్చి కూర్చోమనడానికి నోరు రాక ఏళ్ళకేళ్ళు దొర్లించేశాను. వార్డు కబుర్లు ఆగిపోయాయి. ఆవిడ రిటైరైన రోజున కూడా మేం పెద్దగా ఏం మాట్లాడుకున్నామో నాకు గుర్తులేదు.

అందుకే పోయిన నెల ఆ ఆదివారం మర్నాడు, సామాను అమ్మే ఆయనకు పాతరకమే పంపమన్నాను. పార్సిల్ రాగానే రెండు పెట్టెలకు బిగించి, ఇన్నేళ్ళకు మళ్ళీ కేకేశాను. వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు ప్రయత్నించింది.

"చూపు ఆనడం లేదండీ, వేళ్ళు కూడా వణుకుతున్నాయి. వాటంతటవే తగులుకునేవే పెట్టుకోండి, హాయి" అని పెట్టెలు మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

ఈ కాలం భార్యాభర్తలు ఏ పనీ లేకుండానే పక్కపక్కన కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పుకుంటున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది, నా మీద నాకే కోపమూ వస్తుంది. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, ఇంకేమన్నా పనుందా అని అడిగి, ఒక్క క్షణం ఆగింది.

ఏం లేదన్నాను.