నీళ్లు కలపని సిర్కా

మా అమ్మకి దేవుడి మీద ఎంత నమ్మకమో సిర్కా మీద కూడా ఇంచుమించు అంతే నమ్మకం. సిర్కా అంటే వెనిగరు, బైబిల్లో దాన్ని చిరక అన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో హిందీవాళ్లతో కలిసి మేమూ సిర్కా అనే అనేవాళ్లం. ఆపిల్ పళ్లతో చేసే సిర్కా గొప్పదని ఇప్పుడు అందరూ చెబుతున్నారు గానీ, ఆ రోజుల్లో మా దీవుల్లో ఆపిల్ కంటపడటమే అపురూపం. మాది కొబ్బరినీళ్ల సిర్కా. డెలానీపూర్‌లో మా క్వార్టర్ల వెంట చేపల గంపతో తిరిగే ఒకావిడ దాన్ని ఇంట్లో చేసేది. వాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చినవాళ్లు. కొబ్బరి ఎండబెట్టే చోట పారబోసే నీళ్లు పట్టి తెచ్చుకుని, కాస్త బెల్లం వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి ఓ మూల వదిలేసేది. గుడ్డ విప్పితే కళ్లు మండేంతగా పులిశాక సీసాల్లోకి వంచేది.

జ్వరమొస్తే నుదుటి మీద సిర్కా గుడ్డ. కడుపుబ్బరానికి సిర్కా. సముద్రంలో ఏదైనా కుడితే సిర్కా. మోకాళ్లు పట్టేస్తే పొద్దున్నే ఒక చెంచా, గ్లాసుడు నీళ్లలో కలుపుకుని తాగాలి. అమ్మ మోకాళ్ల కోసమే మొదలుపెట్టింది. నాకు ఆ వాసన వస్తేనే చిర్రెత్తుకొచ్చేది. ఎంత విసుక్కున్నా అమ్మ నవ్వేసేది తప్ప మానేది కాదు.

నేను ఇంకో దీవిలో, రంగత్‌లో టీచరుగా చేరిన కొత్తలో, లాంచీలో వచ్చిన మనిషితో నాన్న కబురు పంపారు. అమ్మకి గొంతు బాగాలేదు, వీలు చూసుకుని రమ్మని. నాన్న చాతం రంపపు మిల్లులో పని చేసేవారు. చిన్న విషయానికి కబురు పెట్టే మనిషి కాదు. దాంతో దొరికిన లాంచీ పట్టుకుని వచ్చేశాను.

అమ్మ సగమైపోయింది. నీళ్లు మింగాలన్నా కళ్లు గట్టిగా మూసుకునేది. గొంతు బొంగురుపోయింది. బైబిలు వాక్యం విషయంలో నాన్న ఒక్క ముక్క తప్పుగా చెబితే చాలు, పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి మరీ దిద్దే మనిషి, ఏమన్నా పలక్కుండా ఊరుకునేది. కాకినాడలో మా పెద్దమ్మకి కూడా ఇలాగే మొదలైంది. ఆరు నెలలు తిరక్కుండానే పోయింది. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. ముగ్గురి మనసులోనూ మాత్రం అదే.

పెద్దాసుపత్రిలో బెంగాలీ డాక్టరు టార్చి వేసి చూశాడు. గొంతులో పుళ్లున్నాయన్నాడు.

“మాజీ, ఖట్టా యా తీఖా కుఛ్ ఖాతీ హో?” అని అడిగాడు. పులుపూ కారమూ ఏమైనా తింటున్నావా అని.

“నహీ బాబూ, సిర్ఫ్ గంజి,” అంది అమ్మ. ఒట్టి గంజేనని.

పుక్కిలించడానికి మందిచ్చాడు. దాంతో మానకపోతే మద్రాసు తీసుకెళ్లి ముక్క తీసి పరీక్ష చేయించాలన్నాడు. మానలేదు. నాన్న వచ్చే ఓడకి టికెట్లు తీసుకున్నారు. అమ్మ తన ట్రంకుపెట్టె తనే సర్దుకుంది. సాయం చేస్తానంటే నన్ను దగ్గరికి రానివ్వలేదు.

ఓడ ఎక్కడానికి రెండ్రోజుల ముందు, అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు చేపలావిడ గుమ్మంలోకి వచ్చి గంప దించింది. కొంగు చాటు నుంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది.

“మీ యమ్మకియ్యి బేటీ. ఓడ మీదికి కావాలంది. ఒలమ్మో, అంత జల్దీ ఎలగ ఖతం చేసేసిందో! మా ఇంట్లో అయితే ఒక్క సీసా వానాకాలమంతా వస్తాది. నీల్లు కలుపుతుందా నేదా?”

అమ్మ తల తుడుచుకుంటూ రాగానే సీసా ఎదురుగా పెట్టి నిలదీశాను. మొదట మాట దాటేసింది. నేను ఏడుపు లంకించుకునేసరికి ఇక దాచలేకపోయింది.

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే శ్రమదినాల్లో మావాళ్లు తలా ఒకటి మానేస్తారు. ఒకరు మాంసం, ఒకరు టీ. ఆ ఏడు అందరూ మానేస్తుంటే మా అమ్మ ఒకటి మొదలుపెట్టింది. సిలువ మీద ప్రభువుకి ఇచ్చిన చిరకలో నీళ్లు కలిపి ఇచ్చారా? తనెందుకు కలుపుకోవాలి? అందుకని పొద్దున్నే పరగడుపున అర గ్లాసు సిర్కా అలాగే గుటుక్కున మింగేది. ఉపవాసమైనా మొక్కుబడైనా నలుగురికీ చాటుకోకూడదు కదా, అందుకే ఎవరికీ చెప్పలేదు.

“మరి డాక్టరు అడిగితే ఎందుకు చెప్పలేదే?” అన్నాను.

“ఆయన తిండి గురించి అడిగాడు. సిర్కా తిండేంటే? మందు కదా!”

“గొంతు మండట్లేదా?”

“మండకపోతే మొక్కెలా అవుతుంది?”

మిల్లు నుంచి వచ్చిన నాన్న అంతా విని మంచం మీద కూలబడ్డారు. ఆయన కోప్పడటం నేను చూసింది తక్కువ.

“ప్రభువు దాహమేసి తాగాడే. నీకు దాహమేస్తే కుండలో మంచినీళ్లున్నాయి. ఇకనుంచి ఒక్క చుక్క ముట్టావంటే నేనూ తాగుతాను నీతో పాటు,” అన్నారు.

అమ్మ ఎదురు చెప్పలేదు. ఆమె ఊరుకోవడమే నాకు అన్నిటికన్నా భయంగా అనిపించింది. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కాసేపు తల పట్టుకున్నాడు. సిర్కా పూర్తిగా బంద్ చేయమన్నాడు. ఈ ఓడ వదిలేసి చూద్దాం, పుళ్లు తగ్గకపోతే తర్వాతి ఓడకి వెళ్దురుగానీ అన్నాడు. పుళ్లు సిర్కావే అయి ఉండొచ్చన్నాడు గానీ, కచ్చితంగా అవేనని మాత్రం అనలేదు.

ఓడ మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. చల్లారిన గంజీ, పాలూ, మెత్తగా మెదిపిన అరటిపండూ పెట్టాను. అమ్మ మింగినప్పుడల్లా నాన్నా నేనూ ఆమె గొంతు వంకే చూస్తూ, తెలియకుండానే మేమూ గుటకలు వేసేవాళ్లం. “నా నోట్లోకి చూడకండి, దిష్టి తగులుతుంది,” అని విసుక్కుంది ఒకరోజు. ఆ విసుగు వింటే నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ చూపించిన రోజు డాక్టరు టార్చి ఆర్పేసి నవ్వాడు. పుళ్లన్నీ మానిపోయాయట. మద్రాసు అక్కర్లేదట. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఆసుపత్రి దిగువకి నడుస్తుంటే అమ్మ ఉన్నట్టుండి ఆగి, ఇన్నాళ్ల కిందటి మాటకి ఇప్పుడు జవాబు చెప్పింది.

“దాహమని తాగాడంటే సరిపోయిందా అండీ? లేఖనంలో ముందే రాసింది నెరవేరాలని అడిగాడు ప్రభువు. ముందూ వెనకా చూడకుండా మాట్లాడేస్తారు.”

నాన్న నడిరోడ్డు మీద నిలబడి పగలబడి నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ, “తప్పేనే, తప్పే,” అన్నారు.

ఇంటికొచ్చాక ట్రంకుపెట్టె సర్దేద్దామని మంచం కింద నుంచి లాగాను. రెండు నేత చీరలు, దుప్పటి, బైబిలు. వాటన్నిటికీ అడుగున, పాత పేపరులో చుట్టిన తెల్ల చీర. అమ్మ పెళ్లిచీర. మావాళ్లలో ఆడవాళ్లని ఆ చీర కట్టే సమాధి చేస్తారు. మద్రాసులో ఏమైనా అయితే నాన్న వెతుక్కోవాల్సిన పని లేకుండా అన్నీ చూసుకుని పెట్టుకుంది. మాతో ఒక్క మాట అనలేదు. చీర ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ వచ్చి చూసింది. నా ఒళ్లోంచి చీర లాక్కుంది.

“ఇలా తే. ఈ చెమ్మకి బూజు పట్టేస్తుంది, ఎండలో వెయ్యాలి.” నాలుగు వైపులా దులిపి చూసింది. “ఈస్టరుకి కట్టుకుంటాను. జాకెట్టు వదులైపోయుంటుంది, రెండు వైపులా కాస్త కుట్టి పెట్టవే.”