వీధంతా తిరిగిన సారె

మంగళవారం, కార్తీక బహుళ పంచమి. తెల్లవారినప్పటి నుంచి ముసురు. గాలికి ఒరిగిన అరటిచెట్లకు పోటుకర్రలు కట్టి వచ్చాను. కాళ్ళు కడుక్కుంటుంటే ఎదురింటి మామ్మగారు పోయారని కబురు. నిద్రలోనే పోయారట.

రోజూ జమాఖర్చు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. బడికి వెళ్ళి చదివినవాణ్ణీ కాదు. అయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆవిడ శవం దగ్గర విన్నవి రాయకుండా ఉండలేను.

"మహాతల్లి, ఊరందరికీ అమ్మండి" అని మా ఊరి పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నారు. ఆయన సంగతి తరవాత చెబుతాను.

మామ్మగారు పూతరేకులు చేసి రావులపాలెం దుకాణాలకు వేసేవారు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి గుడ్డను పిండిజావలో ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచేది. పొద్దున్నే మొదటి రేకులు చిరిగిపోయేవి. "కుండ ఇంకా మన మాట వినట్లేదు, కాసేపాగుదాం" అనేవారు. మనుషుల దగ్గర మాత్రం ఆవిడకు అంత ఓపిక లేదు.

మా పక్కింటివాడు కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా చేసి తిరిగొస్తూ, అదే ఇంట్లో వంట చేసే శ్రీలంక అమ్మాయిని పెళ్ళాడి తెచ్చాడు. వీధి ఆమెకు సిలోను పిల్ల అని పేరు పెట్టింది. కొద్ది నెలలకు వీసా గడువు తీరింది. పొడిగించాలంటే మొగుడి సంతకం కావాలి. వాడు పెట్టలేదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కొట్టడం ఆ తరవాత మొదలైంది. ఏడిస్తే వీధికి వినబడేలా అనేవాడు: "పోవే, స్టేషనుకి పో. కాగితాల్లేనిదానివి, ముందు నిన్నే లోపలేస్తారు."

దెబ్బల చప్పుడు వస్తే ఇళ్ళలో టీవీల గొంతు పెరిగేది. మర్నాడు కుళాయి దగ్గర ఆమె వాచిన మొహం చూసి "పరాయి దేశపుది, ఏం చేసిందో" అనుకునేవారు.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె వచ్చి మామ్మగారి అరుగు మీద కూర్చుంది. మామ్మగారు ముందు అన్నం పెట్టారు. ఆమె తిన్నాక నన్ను వెంటబెట్టుకుని పెద్దమనిషి ఇంటికి వెళ్ళి, పంచాయితీ కూర్చోబెట్టి తగువు పెట్టమన్నారు.

ఆయన కిళ్ళీ బుగ్గన సర్దుకుని, "పుట్టింటోళ్ళు లేందే తగువెలా కూచుంటామండి? పిల్ల తరపున మాటాడేదెవరు?" అన్నారు.

"నేను మాటాడతాను."

"మీరేమవుతారు మామ్మగారూ? ఎదురిల్లు కూడా చుట్టరికమేంటండి?" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

మామ్మగారు ఇంటికొచ్చి కుండ వేడి చేశారు.

ఆ శుక్రవారం పొద్దున కొత్త చీర, పసుపు కుంకుమ, చలిమిడి, రెండు బుట్టల పూతరేకులతో బయల్దేరారు. ఒక బుట్ట నా నెత్తిన పెట్టారు. ముందు డోలు.

"ఎదురిల్లే కదండి, వీధి దాటితే చాలు" అన్నాను.

"సారె ఏమన్నా దొంగసొత్తా అబ్బాయ్, చాటుగా తీసికెళ్ళడానికి? నడు."

ఊరంతా తిరిగి వాడి గుమ్మంలో దించాం. వాడు లుంగీ ఎగ్గడుతూ వచ్చాడు. "ఏంటి మామ్మా ఈ నాటకం?"

"నాటకమేంటి అల్లుడూ? మా అమ్మాయికి సారె తెచ్చా. కాళ్ళకి నీళ్ళివ్వరా మీ ఇంట్లో?"

సారె వస్తే ఇంటింటికీ పంచడం మా వైపు ఆచారం. ఆ అమ్మాయి కొత్త చీర కట్టుకుని, వాచిన కన్నుతోనే పంచింది. పక్కన నడుస్తూ మామ్మగారు ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పారు: "మా అమ్మాయి సారె, తీసుకోండి." నెయ్యి వాసనకు ఎవరూ కాదనలేదు. తిన్నారు, వేళ్ళు నాక్కున్నారు. పెట్టినదాని మొహం వైపు ఒక్కరూ చూడలేదు. పెద్దమనిషి భార్య పిల్లలకని ఇంకో రెండు అడిగి తీసుకున్నారు.

సాయంత్రం మామ్మగారు మళ్ళీ పెద్దమనిషి అరుగెక్కారు. "పుట్టింటిదాన్ని వచ్చాను. పెట్టండి తగువు."

"ఎగతాళా మామ్మగారూ?"

"నా కూతురి సారె తిన్నారా లేదా? పుట్టిల్లు లేనిదాని సారె ఎలా తిన్నారండి? కక్కేయండి మరి."

లోపల్నుంచి భార్య గొంతు వినబడింది. "ఊరంతా తిన్నదే కదండీ, ఇంక కానివ్వండి."

తగువు కూర్చుంది. పుట్టింటివాళ్ళు అడిగితే కూతురి సామాను ఇవ్వక తప్పదు. మామ్మగారు అడిగిన సామాను ఒక్కటే, పాస్‌పోర్టు. వాడు నేల మీదకు విసిరాడు. ఆవిడ తీసి కొంగుతో తుడిచి, పిల్లను చేయి పట్టుకుని వీధి దాటించారు.

ఆ తరవాత రాజమండ్రిలో ఒక లాయరమ్మ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒక గుమాస్తా ఆ అమ్మాయి చేతి మీది దెబ్బ మచ్చ చూస్తూనే, "సంతకం కావాలంటే మొగుడి దగ్గరికే పొమ్మనండి" అన్నాడు. చివరికి మొగుడితో పని లేకుండా, ఏడాదికోసారి పొడిగించుకునేలా ఆమె పేరునే అనుమతి వచ్చింది. ప్రతిసారీ ఊళ్ళోవాళ్ళొకరు హామీ ఉండాలి. మామ్మగారు వేలిముద్ర వేసి, ఆ సిరా తలకు తుడుచుకుని, "ఇంకో ఏడు నా కూతురు" అనేవారు.

ఇవాళ కళ్ళు తుడుచుకున్న పెద్దమనిషే, పాడె కడుతుండగా ఆ మొగుడితో అన్నారు: "వచ్చే నెల హామీకి ఎవరుంటారు? ఇంక నీ గుమ్మంలోకే రావాలి." వాడు నవ్వాడు. శవం ముందు నిలబడి నవ్వాడు.

ఆ అమ్మాయి విన్నది. నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, అమ్మకి నీళ్ళు నేనే పోస్తాను" అని బిందె ఎత్తుకుంది. ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు గానీ అడ్డు చెప్పలేదు. తిన్న సారె గుర్తొచ్చి ఉంటుంది.

తల్లి పోయిన కూతురికి పెద్దకర్మనాడు పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. అన్నయ్య అన్నది గనక ఆ చీర నేను పెడతాను. ఎదురిల్లే అయినా ఊరంతా తిరిగే తీసుకెళ్తాను. వచ్చే నెల హామీ సంతకం కూడా నేనే పెడతాను.

ఇది మామ్మగారి అరుగు మీద కూర్చునే రాస్తున్నాను. గుమ్మంలో దీపం దగ్గర ఆమె ఉంది. పెరట్లో కుండ బోర్లించినట్టే ఉంది, కింద బూడిద తడిసిపోయింది. దండెం మీద రేకుల గుడ్డ నీళ్ళోడుతోంది. ఎదుటి గుమ్మంలో వాడు నిలబడి ఇటే చూస్తున్నాడు. వాడు లోపలికి వెళ్ళేదాకా లేవను. ఇవాళ్టి పనుల్లో పోటుకర్రలు రాశాను, దహనం రాశాను. గేదెకు గడ్డి ఇంకా వేయలేదు.