నాలుగు రాళ్లు, ఒక కాయ

మా అమ్మాయి భువన ఫ్రెంచి పరీక్ష పాసయిందండీ! నూటికి ఎనభై ఒకటి! రెండుసార్లు తప్పిన పరీక్ష. ఈసారీ తప్పి ఉంటే సింగానల్లూరు బడిలో ఫ్రెంచి టీచరు పని వేరేవాళ్లకు పోయేది.

పిల్లను తిప్పలు పెట్టినవి అంకెలే. ఫ్రెంచివాళ్లు ఎనభైని ‘నాలుగు ఇరవైలు’ అంటారట. తొంభై ఏడును ‘నాలుగు ఇరవైల పదిహేడు’ అంటారట. అది వినగానే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. అమ్మకు ఇరవైకి పైన లెక్క రాదు. తెంకాయలు ఇరవై కాగానే ఒక రాయి పక్కన పెడుతుంది. భువనను అన్నూరులో మా ఇంటికి పిలిపించి నెల రోజులు అమ్మ పక్కన కూర్చోబెట్టాను. అమ్మ రాళ్లు పెట్టింది, పిల్ల ఫ్రెంచిలో లెక్క చెప్పింది.

ఈ పొద్దున ఫలితం రాగానే భువన వాళ్ల అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

“అవ్వా, పాసయినా!”

“ఎన్ని రాళ్లు కన్నూ?”

“నాలుగు రాళ్లు, ఒక కాయ.”

“ఇంకో పందొమ్మిది కాయలు తెచ్చుంటే అయిదో రాయి పెట్టుండొచ్చు గదే!”

ఎనిమిదో క్లాసు చదివిన గర్వంతో ఇన్నేళ్లూ అమ్మ లెక్కను ఎగతాళి చేశాను. ఒక దేశం దేశమే అట్లా లెక్కపెడుతోందని నాకెవరూ చెప్పలేదు. మీ ఇళ్లలోనూ ఇరవైలతో లెక్కపెట్టే పెద్దవాళ్లుంటే నవ్వకండి, నాకు రాయండి.

ఇంకా చెప్పవలసినవాళ్లు: ఒట్టన్‌చత్రం చిన్నాయన, మదురై పెద్దక్క, మా వియ్యంకుడు, “మన పిల్లకు ఫ్రెంచి ఏమిటికి?” అన్న మా బావ. బావకు రెండుసార్లు చెప్పాలి.