'వెరీ' కింద రెండు గీతలు

శింగనమల బస్టాండులో పక్కనున్నామె ఆసుపత్రి కాగితం చేతికిచ్చి చదవమంది. 'వెరీ సివియర్ అనీమియా' అన్న మాటల దగ్గర ఆగిపోయాను. మనం ప్రతిదానికీ ఊరికే వాడేసే 'వెరీ' కింద డాక్టరు రెండు గీతలు గీశారు. వెంటనే అనంతపురం పెద్దాసుపత్రికి పోవాలని రాశారు. ఆమె ఒళ్లో రెండేళ్ల పాప పాలిపోయి, కళ్లు తెరవకుండా పడుకుంది.

"ఏమని రాసినారక్కా?"

ఆమెను భయపెట్టలేకపోయాను. "రక్తం కొంచెం తక్కువంట."

"కొంచెమే గదా! అయితే అనంతపురం ఏంటికిలే. వానల్లేక పనుల్లేవు, ఇన్నాళ్లకు కూలి దొరికుండాది" అంటూ పాపను భుజాన వేసుకుని వాళ్ల ఊరి బస్సెక్కింది.

బస్సు కదిలాక పరిగెత్తి రేకు మీద కొట్టాను. "ఏమక్కా, పానం మీద ఆశ లేదా?" అని కండక్టరు అరిచి బస్సు ఆపించాడు. కిటికీ దగ్గర నిలబడి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఆమెకు చెప్పాను.

ఆమె దిగింది. తిట్టలేదు. "చదువుకున్నోళ్లే ఇట్ల చెప్తే మేం ఎవురిని అడగల్లక్కా?" అని అనంతపురం బస్సు వైపు నడిచింది. ఆ పాప ఏమైందో నాకు తెలియదు.

మరుసటి రోజు పొద్దున జడలు వేస్తూ, నిన్న ఒక కాగితం తప్పు చదివానని పిల్లలకు చెప్పాను.

"నీకు ఇంగ్లీషు వచ్చు కదమ్మా?" అంది పెద్దది.

"వచ్చు. తెలిసే తప్పు చదివాను."